ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయిన మీకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సినిమా చూసి ఇష్టపడి, టోల్కీన్ రాసిన ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి సంపుటం ‘ద ఫెలోషిప్ ఆఫ్ ద రింగ్’ కొన్నారు. టామ్ బాంబడిల్ అనే వింత మనిషి ఇంటి దగ్గర, అంటే ఏడో అధ్యాయంలో, ఆగిపోయారు. ఒక స్నేహితుడు దీనికి మించిన పుస్తకం లేదంటున్నాడు. మరొకరు ఇది సాగదీసిన పిల్లల కథ అని కొట్టిపారేస్తున్నారు. ఒకే పుస్తకం మీద ఇంత తేడా ఎందుకు, మీరు ముందుకు సాగాలా వద్దా, మీ పన్నెండేళ్ల అమ్మాయికి ఇవ్వవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఈ పుస్తకాన్ని ఆరుసార్లు చదివాను. నెలకోసారి కలిసి చదువుకునే మా చిన్న బృందంతో కలిసి రెండుసార్లు చదివాను. మొదటిసారి పదకొండు మందిమి మొదలుపెడితే ఐదుగురమే చివరిదాకా వెళ్లాం. మానేసిన ఆరుగురిలో నలుగురు సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగారు. అందుకే మీ ప్రశ్న చూడగానే వివరంగా రాయాలనిపించింది.

ముందుగా ఒక మాట. ‘కథ కదలడం లేదు’ అన్న ఫిర్యాదు ఈ పుస్తకం కంటే పాతది. హాబిట్లు అనే పొట్టి మనుషుల గురించి టోల్కీన్ ముందు రాసిన ‘ద హాబిట్’ 1937 సెప్టెంబరులో వచ్చింది. పాఠకులు ఇంకా కావాలనడంతో అదే ఏడాది డిసెంబరులో టోల్కీన్ కొత్త కథ మొదలుపెట్టారు. తొలి అధ్యాయాల చిత్తుప్రతి ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్‌కు పంపితే, ఆయన తన కొడుకు రేనర్‌కు ఇచ్చి చదివించారు. అప్పటికి రేనర్‌కు పన్నెండేళ్లు. ఆ పిల్లవాడికి కథ నచ్చింది, కానీ హాబిట్ల కబుర్లు ఎక్కువై నడక మందగించిందని చెప్పాడు. టోల్కీన్ మిత్రుడు సి. ఎస్. లూయిస్ కూడా అదే మాటన్నారు. 1938 జూన్‌లో స్టాన్లీ అన్విన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ ఆ విమర్శకు తలవంచారు. సాహసాల కంటే ఆ కబుర్లే తనకు ఎక్కువ సరదాగా ఉంటాయని, ఇకపై గట్టిగా అదుపులో పెట్టుకోవాలని ఒప్పుకున్నారు. పుస్తకం అచ్చు కావడానికి పదహారేళ్ల ముందు మాట ఇది. మీకు కలిగిన విసుగు మీ ఓపికలేమి వల్ల వచ్చింది కాదు. ఈ పుస్తకాన్ని ప్రేమించిన తొలి పాఠకులకూ కలిగినదే.

అదుపులో పెట్టుకుంటానన్న మనిషి చివరికి పూర్తిగా ఎందుకు పెట్టుకోలేదు? నా అభిప్రాయంలో మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

రెండో అధ్యాయాన్ని మళ్లీ తెరవండి. తన దగ్గరున్న ఉంగరం ఎంత ప్రమాదకరమైనదో మాంత్రికుడు గాండాల్ఫ్ వివరించాక, కథానాయకుడైన హాబిట్ ఫ్రోడో ఒక మాటంటాడు. హాబిట్ల సీమ అయిన ఈ షైర్ జనం మొద్దుతనం చూసి, ఒక భూకంపమో డ్రాగన్ల దాడో వస్తే తప్ప వీళ్లు బాగుపడరని కొన్నిసార్లు అనిపించేదట. ఇప్పుడు అలా అనిపించడం లేదట. వెనుక షైర్ క్షేమంగా ఉందని తెలిస్తే చాలు, తిరుగుడు భరించగలనంటాడు. అంటే, ‘ఈ ఊరి సంగతి చాలు, ఏదైనా జరగాలి’ అని మనకు ఏ విసుగు పుడుతుందో, అదే విసుగును రచయిత తన కథానాయకుడి నోట పలికించారు. ఏదైనా జరగబోతోందని తెలిసిన క్షణంలోనే ఆ విసుగు ప్రేమగా మారడం కూడా చూపించారు. పుట్టగొడుగుల గొడవలు, పుట్టినరోజు విందు, ఫ్రోడోను పెంచిన నూట పదకొండేళ్ల బిల్బో ఉపన్యాసం, చుట్టాల కీచులాటలు ఇవన్నీ లేకపోతే ఫ్రోడో దేన్ని వదిలి వెళుతున్నాడో మనకు తెలియదు. ఉంగరం భారం గురించి ఎన్ని పేజీలు రాసినా ఆ లోటు తీరదు.

విందుకూ ఫ్రోడో ప్రయాణానికీ మధ్య పుస్తకంలో పదిహేడేళ్లు గడుస్తాయి. ముప్పై మూడేళ్ల కుర్రవాడు యాభై ఏళ్ల మనిషై ఇల్లు వదులుతాడు. సినిమాలో ఆ కాలం కొన్ని నిమిషాల్లో అయిపోయినట్టు అనిపిస్తుంది. సినిమా నుంచి పుస్తకానికి వచ్చినవారికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. 2001 డిసెంబరులో విడుదలైన ఆ చిత్రంలో బాంబడిల్ లేనే లేడు. ఉంగరం కోసం నల్ల రౌతులు తరుముతున్నారని తెలిసిన ప్రేక్షకుడికి, పసుపు బూట్లు వేసుకుని పాటలు పాడుతూ తిరిగే మనిషి ఇంట్లో భోజనాలు, నిద్రలు ఎందుకని అనిపించడం సహజం.

ఇంకో కారణం మన అలవాట్లలో ఉంది. నా వయసు తెలుగు పాఠకులకు మాంత్రికులు, రాక్షసులు, ప్రయాణాలు ఉన్న కథ అంటే చందమామ ధారావాహికే. ఈ సంపుటం లండన్‌లో వెలువడిన 1954లోనే దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ చందమామలో మొదలైంది. నెలకొక భాగం, ప్రతి భాగం చివర ఒక ఆపద. నెల తిరిగేదాకా పిల్లల మనసును పట్టి ఉంచడానికి ఆ మలుపు తప్పనిసరి. టోల్కీన్ అధ్యాయాలు మరో విధంగా పెరిగాయి. ఆక్స్‌ఫర్డ్‌లో లూయిస్ గదుల్లో గురువారం రాత్రుళ్లు మిత్రులు చేరేవారు. టోల్కీన్ తాను రాసింది అక్కడ చదివి వినిపించేవారు. ఆపద దగ్గర ఆపినా, భోజనం దగ్గర ఆపినా వచ్చే వారం వాళ్లు మళ్లీ వచ్చేవారే. ఆ మిత్రుల్లో హ్యూగో డైసన్‌కు మాత్రం ఈ కథ గిట్టేది కాదు. మిగిలినవారు ఓపికగా, కొందరు ఆత్రంగా విన్నారు. వినడానికి చేరిన మనుషుల మధ్య పెరిగిన పుస్తకం కనుక అందులో తీరిక ఉంటుంది.

తీరికైన ఆరంభం మనకు కొత్తేమీ కాదు. ఆదిపర్వంలో పాండవులు పుట్టేలోగా ఉదంకుడు, గరుత్మంతుడు, సర్పయాగం, యయాతి, శకుంతల అంతా వచ్చిపోతారు. భీముడు గద ఎప్పుడు ఎత్తుతాడని అక్కడ ఎవరూ తొందరపడరు. ఉపాఖ్యానం అనే మాట మన దగ్గర ఉంది. బాంబడిల్ అధ్యాయాన్ని ఆ పేరుతో పిలిస్తే సగం ఇబ్బంది తీరుతుందని మా బృందంలో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు పండితుడు అన్నారు. రెండోసారి చదివినప్పుడు మేం అలాగే చదివాం. ఉంగరాన్ని ఏం చేయాలో తేల్చే ఎల్రాండ్ సభ అధ్యాయంలోనూ ఇంతే. చాలామంది ఆ సుదీర్ఘ అధ్యాయం దగ్గర పుస్తకం మూసేస్తారు. ఒక్కొక్కరు లేచి తాము చూసింది, విన్నది చెబుతారు, కథంతా నోటి మాటగానే నడుస్తుంది. వైశంపాయనుడు చెబుతుంటే జనమేజయుడు విన్న పద్ధతికి అలవాటుపడిన మనకు అది కష్టం కాకూడదు.

బాంబడిల్ ఎవరో చెప్పలేదన్నది మీ ఉత్తరంలో మరో ఫిర్యాదు. అది పొరపాటున జరగలేదు. పుస్తకం విడుదలకు మూడు నెలల ముందు, 1954 ఏప్రిల్‌లో, రచయిత్రి నవోమీ మిచిసన్‌కు రాసిన ఉత్తరంలో టోల్కీన్ స్పష్టంగా చెప్పారు. పురాణ యుగంలోనైనా కొన్ని చిక్కుముడులు ఉండాలని, బాంబడిల్‌ను కావాలనే అలా వదిలానని. ఆయన మీద ఉంగరం పని చేయదు. లోకమంతా భయపడే వస్తువును ఆయన ఆటబొమ్మలా తిప్పి తిరిగి ఇచ్చేస్తాడు. ఆ ఒక్క దృశ్యం వల్ల ఉంగరం శక్తికి ఒక హద్దు కనిపిస్తుంది. ఏమీ కోరని వాడిని అది ఏమీ చేయలేదు. తర్వాతి అధ్యాయంలో సమాధుల దిబ్బల నుంచి హాబిట్లకు దొరికే కత్తులను గుర్తుపెట్టుకోండి. మూడో సంపుటంలో మెర్రీ అనే హాబిట్ చేతిలోని అలాంటి ఒక కత్తి చేసే పని చూసినప్పుడు, మీకు ఇప్పుడు దండగ అనిపిస్తున్న పేజీల్లోకి మీరే తిరిగి వస్తారు.

ఇక ఆనాటి పాఠకుల సంగతి. 1953 డిసెంబరులో టోల్కీన్ ఒక మిత్రుడికి ఇలా రాశారు: ప్రచురణ తలచుకుంటేనే భయంగా ఉంది, ఎవరేమన్నా పట్టించుకోకుండా ఉండలేను, తూటాలకు నా గుండెను ఎదురుగా పెట్టాను. ప్రచురణ సంస్థ భయం వేరు. పెద్దవాడై తండ్రి సంస్థలోనే చేరిన రేనర్, ఇది గొప్ప రచనే కానీ వెయ్యి పౌండ్ల నష్టం రావచ్చని తండ్రికి రాశాడు. మేధావి రాసిన పుస్తకమని నమ్మితే ఆ వెయ్యి పోగొట్టుకోవచ్చని తండ్రి జవాబిచ్చారు. రచయితకు ముందుగా ఏమీ ఇవ్వకుండా, ఖర్చులు తిరిగి వచ్చాక లాభంలో సగం ఇచ్చే ఒప్పందం కుదిరింది. 1954 జూలై 29న ఇరవై ఒక్క షిల్లింగుల ధరతో సుమారు 3,000 ప్రతులు వచ్చాయి. ఆరు వారాల్లో మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది.

ఆగస్టు 14న లూయిస్ సమీక్ష వచ్చింది. నిర్మలాకాశంలో మెరుపులా ఈ పుస్తకం వచ్చిందని, ఇందులోని అందాలు కత్తుల్లా దిగుతాయని, గుండె పగిలేలా చేస్తుందని రాశారు. అట్ట మీద కూడా లూయిస్ ప్రశంస ఉంది. ఇటలీ మహాకవి అరియోస్తోతో పోల్చారు. ఆ పోలికే కొందరు సమీక్షకులకు కోపం తెప్పించింది. తన మెచ్చుకోలు మేలు కంటే కీడే ఎక్కువ చేయవచ్చని లూయిస్ ముందే హెచ్చరించారట. మీ స్నేహితుడు ‘దీనికి మించింది లేదు’ అని పుస్తకం మీ చేతిలో పెట్టాడని రాశారు కదా. అలాంటి మాట విని తెరిచిన పుస్తకంలో ప్రతి మామూలు పేజీ మోసంలా కనిపిస్తుంది. మా బృందంలో కూడా ఏమీ వినకుండా వచ్చినవారే ఎక్కువమంది చివరిదాకా నిలిచారు.

కవి ఎడ్విన్ మ్యూర్ అదే ఆగస్టులో అబ్జర్వర్ పత్రికలో రాసింది నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ఆయన పుస్తకాన్ని మెచ్చుకుంటూనే లోపం పట్టుకున్నారు. ఇందులో మంచివాళ్లు ఎప్పుడూ మంచివాళ్లే, చెడ్డవాళ్లు మార్పులేని చెడ్డవాళ్లే అని ఆయన ఆక్షేపణ. ఇప్పటికీ చాలామంది ఇదే అంటారు. నేను ఒప్పుకోను. ఇదే సంపుటం చివరి అధ్యాయంలో ప్రయాణంలో తోడు వచ్చిన యోధుడు బోరొమిర్ ఉంగరం కోసం ఫ్రోడో పక్కన కూర్చుని, మొదట నచ్చజెబుతూ, తర్వాత వాదిస్తూ, చివరికి మీద పడే దృశ్యం ఉంది. తన నగరం కాలిపోతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఆయన. కళ్ల ముందే తడబడి పడిపోయి, మరుక్షణం ఏడుస్తాడు. అలాంటి మనిషిని మార్పులేని మంచివాడనీ అనలేం, చెడ్డవాడనీ అనలేం. అయితే మ్యూర్ చేతిలో అప్పుడు ఉన్నది కథలో మూడో వంతు మాత్రమే. ఉంగరానికి బానిసై మంచికీ చెడుకీ మధ్య ఊగిసలాడే గొల్లమ్ ఇంకా సరిగ్గా తెర మీదికి రాలేదు.

మొదటి సంపుటానికి వచ్చిన స్పందనల్లో చాలా భాగం అర్థం కావాలంటే ఈ మూడో వంతు సంగతి తెలియాలి. టోల్కీన్ రాసింది మూడు నవలలు కావు. ఆరు భాగాల ఒకే నవల. యుద్ధం తర్వాతి ఇంగ్లండులో కాగితం ధర, పుస్తకం వెల చూసుకుని ప్రచురణకర్తలు దాన్ని మూడుగా కోశారు. అందుకే మొదటి సంపుటానికి ముగింపు లేదు, తెగిన అంచు ఉంది. ఫ్రోడో, సామ్ పడవ దాటి కొండల్లోకి దిగుతారు, అంతే. బోరొమిర్ మరణం రెండో సంపుటం మొదటి అధ్యాయంలో వస్తుంది. సినిమా తీసినవారు దాన్ని ముందుకు జరిపి మొదటి చిత్రం చివర పెట్టుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే పుస్తకం కోసిన చోట ప్రేక్షకుడిని ఇంటికి పంపడం సాధ్యం కాదు. ఆనాటి పాఠకుల సహనం తలచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. రెండో సంపుటం నవంబరులో వచ్చి, ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కిన చోట ఆగింది. మూడోది 1955 అక్టోబరు 20 దాకా రాలేదు. పదకొండు నెలలు.

ఇంత తేడా ఎందుకని మీరు అడిగారు. మూడో సంపుటాన్ని సమీక్షిస్తూ 1956 జనవరిలో కవి ఆడెన్ ఇదే అన్నారు. ఈ పుస్తకం గురించి తాను చేసినంత తీవ్రమైన వాదనలు మరో పుస్తకం గురించి చేసిన గుర్తు అరుదని, మధ్యస్థమైన అభిప్రాయం ఎవరికీ ఉన్నట్టు లేదని. ఆయన మొదటి నుంచీ అభిమాని. మూడు నెలల్లోనే, ఏప్రిల్‌లో, అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ దీన్ని పిల్లల చెత్త కింద జమకట్టారు. ఆశ్చర్యం ఏమిటంటే ఆయన ఈ వెయ్యి పేజీలనూ తన ఏడేళ్ల కూతురికి పైకి చదివి వినిపించారు. తనకు విసుగు పుట్టిన పుస్తకాన్ని ఆ పాప కోసం అంత ఓపికగా చదివిన తండ్రి మీద నాకు కోపం రాదు. ఆయన కోరిన దినుసు వేరు. మనిషి మనసులోని సందిగ్ధాలు పదునైన వాక్యాల్లో కావాలనుకునేవారికి ఈ పుస్తకం ఇచ్చేది తక్కువ. ఒక లోకం నేల, నీరు, భాష, పాత పాటలతో సహా కళ్ల ముందు నిలవాలనుకునేవారికి ఇది తరగని నిధి. విల్సన్‌ను వాదించి ఒప్పించడం కుదరదు.

ఒప్పుకోవలసిన లోపం ఒకటుంది. ప్రయాణం చేసే తొమ్మిది మందిలో ఒక్క స్త్రీ లేదు. ఎల్ఫ్ జాతి దొరసాని గలాద్రియెల్ ఉన్న అధ్యాయాలు ఎంత గొప్పవైనా, ఎల్రాండ్ కూతురు ఆర్వెన్ ఈ సంపుటంలో దాదాపు నోరు విప్పదు. సినిమాలో ఆమె గుర్రం మీద ఫ్రోడోను రేవు దాటించే ఘట్టం పుస్తకంలో లేదు. మా బృందంలోని ఆడవాళ్లు ఈ విషయం ఎత్తినప్పుడు నేను సమర్థించబోయాను, ఇప్పుడు సమర్థించను.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే ఇబ్బంది గురించి ఎవరూ మాట్లాడరు. ఇంగ్లీషు బాగా వచ్చినవారు కూడా ఇక్కడ తడబడతారు. కారణం పాతకాలపు వాక్యాలని అనుకుంటారు గానీ, నేను గమనించినంతలో అసలు చిక్కు నేలకు సంబంధించిన చిన్న చిన్న మాటలతో వస్తుంది. గుట్ట, దిబ్బ, కనుమ, వాగు, రేవు, ఊబి, బీడు, పొదరిల్లు ఇలాంటి వాటికి ఇంగ్లీషులో ఉన్న పదాలు మనం బడిలోనూ ఆఫీసులోనూ నేర్చుకోలేదు. పేజీకి ఇరవై వస్తే కళ్ల ముందు దృశ్యం కట్టదు, కట్టకపోతే నడక నడకలా కాక వర్ణనలా కనిపిస్తుంది. పల్లెలో పెరిగినవారికి ఆ ప్రతి దానికీ తెలుగు పేరు తెలుసు. ఒక్క వారం ఓపిక పట్టి, పుస్తకం అంచున పెన్సిలుతో తెలుగు మాట రాసుకోండి. మళ్లీ మళ్లీ వచ్చేవి అవే. టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్ గీసిన పటం మీ ప్రతిలో ఉంటే పక్కన తెరిచి పెట్టుకోండి. పాటలు దాటేయాలనిపిస్తే దాటేయండి గానీ, ఒక్కటి మాత్రం పైకి చదవండి. గద్యం మధ్యలో పద్యం ఎందుకో మన చెవికి వెంటనే తెలుస్తుంది.

మీరు కొనసాగించాలా అన్నదానికి నా సలహా ఇది. హాబిట్ల ఆచారాలు, పొగాకు చరిత్ర చెప్పే ముందుమాట ఇప్పుడు చదవకండి, మొత్తం అయ్యాక అది తీపిగా ఉంటుంది. మీరున్న చోటి నుంచి మొదటి భాగం చివరికి ఐదు అధ్యాయాలే మిగిలాయి. సమాధుల దిబ్బల మీద పొగమంచు, బ్రీ గ్రామంలో సత్రం, స్ట్రైడర్, చీకట్లో కత్తి, రేవు దగ్గర పరుగు. రోజుకు ఒకటి చదవండి. రేవు దాటాక కూడా ఫ్రోడో బతకాలన్న ఆరాటం మీలో పుట్టకపోతే మానేయండి. మీరు తగినంత దూరం వచ్చి చూసినట్టే, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు. మోరియా గనులు చాలా బాగుంటాయి కనుక అక్కడిదాకా లాక్కెళ్లమని కొందరు చెబుతారు. నేను చెప్పను. మోరియా వంతెన మీద గాండాల్ఫ్ పడిపోయినప్పుడు నొప్పి కలగాలంటే బిల్బో విందులో ఆయన బాణసంచా మీ మనసులో ఉండాలి.

ఆ తర్వాత ఇతర పెద్ద ధారావాహికల వైపు వెళ్లాలనుకుంటే, రాబర్ట్ జోర్డాన్ 1990లో ప్రచురించిన ‘ద ఐ ఆఫ్ ద వరల్డ్’ తొలి అధ్యాయాల్లో తెలిసిన పల్లె గాలి తగులుతుంది. టోల్కీన్ వాతావరణం గుర్తుకు రావాలనే అలా రాశానని ఆయనే చెప్పారు. అది పద్నాలుగు నవలల ప్రయాణం, కనుక ముందే ఆలోచించుకోండి. 1996లో వచ్చిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి పేజీల్లోనే శవాలతో మొదలవుతుంది. వేగం కావాలంటే అది సరిపోతుంది, అమ్మాయికి మాత్రం కాదు.

అమ్మాయికి మొదట ‘ద హాబిట్’ ఇవ్వండి. రేనర్ అన్విన్ దాని రాతప్రతిని పదేళ్లప్పుడు చదివి, తండ్రికి నివేదిక రాసి ఒక షిల్లింగు సంపాదించాడు. అది నచ్చితే ఈ సంపుటం ఇచ్చి, ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆపి మీకు చెప్పమనండి. హాబిట్లు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని రేనర్ చెప్పింది సరిగ్గా మీ అమ్మాయి వయసులోనే. ఏ పేజీ దగ్గర ఆగిందో, ఏమందో ఇక్కడ రాస్తే నేను తప్పకుండా చదువుతాను.